సోయాచిక్కుడు పంటకు వేడి లెక్క ఎలా వేయాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి

"ఈ రకం 100 రోజుల్లో కోతకు వస్తుందని సంచి మీద రాసి ఉంది. 112వ రోజు దాటినా ఆకు పచ్చగానే ఉంది. కారణమేమిటి?" సోయాచిక్కుడు వేసినవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది. దీనికి ఎదురు ప్రశ్న కూడా అంతే తరచుగా వస్తుంది: "ఆలస్యంగా విత్తాను. మోకాలెత్తు కూడా ఎదగకముందే పూతకు వచ్చేసింది. ఏం లోపం జరిగింది?" రెండు చోట్లా విత్తనంలో లోపం ఉండకపోవచ్చు. మొక్కకు రోజుల లెక్క తెలియదు. తనకు ఎంత వేడి అందింది, పగలు ఎంతసేపు ఉంది అనే రెండింటిని బట్టి అది ఒక దశ నుంచి మరో దశకు మారుతుంది.

చేనులో వేడిని కొలిచి, రోజువారీగా కూడి, ఆ మొత్తంతో మొలక, కణుపులు, పూత, పక్వత ఎప్పుడు వస్తాయో అంచనా వేసుకునే పద్ధతిని కింద వరుసగా ఇస్తున్నాను. ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. మొక్కజొన్నలో ఈ లెక్క దాదాపు కోత వరకు తోడుగా వస్తుంది. సోయాచిక్కుడులో మొలకకూ కణుపులకూ చక్కగా పనిచేసి, పూత దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. ఎక్కడ తడబడుతుందో తెలిసినవారికే ఇది ఉపయోగపడుతుంది.

కావలసినవి

గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండింటినీ చూపే థర్మామీటరు ఒకటి, నేలలోకి గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి, గీతల నోటుపుస్తకం, కొలబద్ద. కణుపులు లెక్కించడానికి చేనులో పది మొక్కలను ఎంచుకుని రంగు దారంతో గుర్తు పెట్టుకోవాలి. గంటగంటకూ ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం ఉంటే మంచిదే కాని, అది లేకపోవడం వల్ల పని ఆగదు.

లెక్కకు ఆధారం

సోయాచిక్కుడుకు 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడిలో ఎదుగుదల లేదనీ, 30 డిగ్రీలు దాటిన వేడి ఎదుగుదలను అదనంగా పెంచదనీ లెక్క కోసం అనుకుంటాం. ఈ రెండు హద్దుల మధ్య ఒక రోజులో మొక్కకు పనికొచ్చిన వేడిని డిగ్రీ-దినాలు అంటారు. వేడిని ఇలా కూడి పైరు దశలతో పోల్చవచ్చనే ఆలోచనను ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమ్యూర్ 1735లోనే ముందుకు తెచ్చాడు; అప్పటి నుంచి హద్దులు మారాయి గాని కూడిక మారలేదు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

1. థర్మామీటరును సరైన చోట పెట్టండి

నేల నుంచి 1.25 మీటర్ల నుంచి 2 మీటర్ల ఎత్తులో, నేరుగా ఎండ తగలకుండా, గాలి నాలుగు వైపుల నుంచీ ఆడేలా ఉంచాలి. తెల్లరంగు వేసిన, సందులున్న చెక్కపెట్టె అన్నిటికన్నా మేలు. వాతావరణ కేంద్రాల్లో కనిపించే ఆ పెట్టెను రూపొందించినది దీపస్తంభాలు కట్టే ఒక స్కాట్లాండ్ ఇంజనీరు. దాని పని ఒక్కటే, ఎండను ఆపి గాలిని పోనివ్వడం.

మొదటి ఏడాది నేను థర్మామీటరును రేకుల షెడ్డు గోడకు తగిలించాను. చూడటానికి సులువుగా ఉంటుందని చేసిన పని అది. మధ్యాహ్నం రేకు కాగి, గాలి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపింది. గరిష్ఠంలో 3 డిగ్రీల తప్పు ఉంటే రోజు లెక్కలో ఒకటిన్నర డిగ్రీ తేడా వస్తుంది. 60 రోజులకు అది 90 అవుతుంది. రోజుకు 15 చొప్పున చూస్తే ఆరు రోజుల ఎదుగుదలకు సమానం. ఈ తప్పులో ఒక మాయ కూడా ఉంది. అసలు ఎండే 30 డిగ్రీలు దాటిన రోజుల్లో పై హద్దు దాన్ని మింగేస్తుంది కాబట్టి, వేడి కాలంలో లెక్క సరిగ్గా ఉన్నట్టే కనిపించి, మబ్బు పట్టిన వారాల్లో మాత్రమే దారి తప్పుతుంది.

2. రోజూ ఒకే వేళకు రాయండి

ఉదయం ఏడెనిమిది గంటల మధ్య చూసి, రెండు అంకెలూ రాసి, గుర్తును మళ్లీ మొదటి స్థానానికి తెచ్చిపెట్టండి. అలా తేకపోతే మర్నాడు కూడా పాత గరిష్ఠమే కనిపిస్తుంది. ఉదయం కనిపించే గరిష్ఠం నిన్నటి మధ్యాహ్నానిది, కనిష్ఠం ఈ తెల్లవారుజాముది. అందుకే గరిష్ఠాన్ని నిన్నటి తేదీ ఎదుట, కనిష్ఠాన్ని ఈ రోజు ఎదుట రాయాలి. ఒక రోజు తప్పిపోతే దానికి ముందు రోజు, తరువాత రోజు అంకెల సగటును వేయవచ్చు. వరుసగా ఎక్కువ రోజులు తప్పిపోతే దగ్గరలోని వాతావరణ కేంద్రం అంకెలు తీసుకోండి, కాని ముందు ఒక వారం పాటు ఆ కేంద్రం అంకెలను మీ అంకెలతో పోల్చి, ఎంత తేడా ఉంటుందో చూసుకున్న తరువాతే ఆ పని చేయండి.

3. హద్దులు పెట్టి, ఆ తరువాత సగటు తీయండి

సూత్రం ఇది: (గరిష్ఠం + కనిష్ఠం) ÷ 2 − 10.

సూత్రంలో వేసే ముందు గరిష్ఠం 30 దాటితే 30గా, కనిష్ఠం 10కి తగ్గితే 10గా మార్చాలి. గరిష్ఠం కూడా 10కి చేరని రోజుకు లెక్క సున్నా. రుణసంఖ్య ఎప్పుడూ రాయకూడదు, ఎందుకంటే చలిరోజు మొక్కను వెనక్కు నడిపించదు.

వేర్వేరు రోజుల నుంచి మూడు ఉదాహరణలు చూడండి.

గరిష్ఠం 29, కనిష్ఠం 19: సగటు 24, అందులో 10 తీసివేస్తే 14.

గరిష్ఠం 38, కనిష్ఠం 24: గరిష్ఠాన్ని 30గా మారిస్తే సగటు 27, లెక్క 17.

గరిష్ఠం 17, కనిష్ఠం 8: కనిష్ఠాన్ని 10గా మారిస్తే సగటు 13.5, లెక్క 3.5.

రెండవ ఉదాహరణ దగ్గర కాస్త ఆగండి. హద్దు అసలే పెట్టకపోతే 21 వస్తుంది. ముందు సగటు తీసి (31), దాన్ని 30కి తగ్గిస్తే 20 వస్తుంది. ఒకే రోజుకు 17, 20, 21 అని మూడు అంకెలు! మీరు చదివిన చోట 700 అని, మీ పుస్తకంలో 800 అని ఉంటే, మీ పంటను అనుమానించే ముందు ఆ రెండు లెక్కలూ ఒకే పద్ధతిలో వేసినవేనా అని చూడండి. గంటగంట అంకెలు ఉన్నవారు ప్రతి గంటకూ ఈ హద్దులు పెట్టి, 10 తీసివేసి, ఇరవై నాలుగింటినీ కూడి 24తో భాగిస్తే మరింత నమ్మదగిన లెక్క వస్తుంది, ముఖ్యంగా రాత్రి చలి, పగటి ఎండ రెండూ హద్దులు దాటే రోజుల్లో.

4. కూడిక ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించుకోండి

మొలక అంచనాకు విత్తిన రోజు నుంచి, మిగతా దశలన్నిటికీ మొలక వచ్చిన రోజు నుంచి వేరువేరుగా కూడండి. చేనులో సగం మొక్కలు పైకి వచ్చిన రోజే మొలక తేదీ. రెండు కూడికలనూ కలిపేస్తే, పొడి నేలలో విత్తనం పదునుకోసం ఎదురుచూసిన రోజుల వేడి కూడా మొక్క ఖాతాలో పడుతుంది.

5. మొలకను అంచనా వేయండి

విత్తనం నుంచి మొలక బయటకు రావడానికి సుమారు 70 నుంచి 75 డిగ్రీ-దినాలు పడుతుంది. సగటు 15 డిగ్రీలుంటే రోజుకు 5 చొప్పున రెండు వారాలు. 20 డిగ్రీలుంటే వారం. 26 డిగ్రీలుంటే నాలుగైదు రోజులు. మొక్క ఇంకా మట్టిలోనే ఉంది కాబట్టి ఈ దశలో గాలి కంటే విత్తిన లోతులో నేల ఉష్ణోగ్రత తీసుకోవడం సరైన పని.

హెచ్చరిక: సోయా గింజ తన బరువులో సుమారు సగం నీటిని పీల్చుకుంటేనే మొలకెత్తుతుంది. ఆ పీల్చుకోవడం మొదటి 24 గంటల్లో వేగంగా జరుగుతుంది, అప్పుడు నేల 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే గింజ లోపలి పొరలు దెబ్బతిని మొలక శాతం పడిపోతుంది. తరువాత ఎండ కాసినా ఆ నష్టం పూడదు. కాబట్టి విత్తిన వారమంతా ఎలా ఉంటుందో చూడటం కంటే, విత్తిన మొదటి రోజున చలివాన ఉందా లేదా అన్నది ముందు చూడండి.

75 దాటి 100 దగ్గరకు వచ్చినా మొలక కనబడకపోతే, లెక్కను పక్కన పెట్టి ఒక అడుగు పొడవున సాలు తవ్వండి. గింజ గట్టిగా, పొడిగా ఉంటే పదును లేదు. ఉబ్బి మెత్తబడి వాసన వస్తుంటే కుళ్లింది. మొలక కొంకి తిరిగి పైపొర కింద చిక్కుకుని, మెడ ఉబ్బి ఉంటే నేల పెచ్చు కట్టింది. అప్పుడు పెచ్చును తేలికగా పగలగొట్టడమో, సన్నటి తడి ఇవ్వడమో చేయాలి.

6. కణుపులు లెక్కించండి

వేడి లెక్క నిజంగా ఎంత బాగా పనిచేస్తుందో కనబడే చోటు ఇదే. బీజదళాలు విచ్చుకుని మొదటి ఆకులు నిలదొక్కుకున్న తరువాత, ప్రధాన కాండం మీద ఒక్కో కొత్త కణుపుకు సుమారు 40 నుంచి 60 డిగ్రీ-దినాలు పడుతుంది. మంచి వేడిలో అది మూడు నాలుగు రోజులకు ఒకటి. గుర్తు పెట్టిన పది మొక్కలను వారానికి ఒకసారి ఒకే వరుసలో చూసి, కణుపుల సంఖ్యను ఆ రోజటి మొత్తం వేడి పక్కన రాయండి. నాలుగు వారాలకు మీ రకానికి, మీ చేనుకు సరిపోయే అంకె మీ చేతికి వస్తుంది. పుస్తకాల్లో ఇచ్చిన సగటు కంటే అదే మీకు పనికొస్తుంది.

ఇక్కడ గందరగోళం ఎక్కువ. 1977లో ఫెర్, కేవినెస్ అనే పంట శాస్త్రవేత్తలు ఇచ్చిన సోయాచిక్కుడు ఎదుగుదల దశల పట్టికలో బీజదళాల కణుపును లెక్కించరు; ఎదురెదురుగా ఒంటి రేకుతో ఉండే మొదటి ఆకుల కణుపే ఒకటి. ఆ తరువాత వాడుకలోకి వచ్చిన మరో లెక్కలో మూడు రేకుల ఆకులను మాత్రమే లెక్కిస్తారు. రెండింటికీ ఒకటి తేడా. ఏదైనా ఒకటే పట్టుకోండి. ఆకు పూర్తిగా ఎదిగిందని ఎప్పుడు అనాలంటే, దాని పైనున్న ఆకు విచ్చుకుని, ఆ పై ఆకు రేకుల అంచులు ఒకదానికొకటి తగలకుండా విడిపోయినప్పుడు. కొనలో ముడుచుకుని ఉన్న చిగురును లెక్కలో కలిపితే మీ మొక్క పుస్తకంలో ఒక దశ ముందుకు వెళ్లిపోతుంది.

రెండు వారాల పాటు వేడి బాగా కూడినా కణుపు పెరగకపోతే నీటి ఎద్దడి, మురుగు, వేరు తెగులు ఏదో ఉన్నట్టు. ఒక మొక్కను పారతో మట్టితో సహా పెకలించి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే వేరు బుడిపెలను కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అవి పనిచేస్తున్నాయి, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేదు. బుడిపెలకు వేరు దగ్గర 25 నుంచి 30 డిగ్రీల వేడి అనుకూలం. చల్లటి నేలలో అవి ఆలస్యంగా వస్తాయి కాబట్టి, తొలి వారాల్లో పైరు పసుపు రంగులో కనిపిస్తే తొందరపడి ఎరువు చల్లకుండా ముందు ఈ పరీక్ష చేయండి.

7. పూత విషయంలో పగటి పొడవును కూడా చూడండి

సోయాచిక్కుడు పొట్టి పగటి మొక్క. 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు పగటి పొడవుకు, పూతకు ఉన్న సంబంధాన్ని ప్రకటించినప్పుడు వారి ముందున్న పైర్లలో పొగాకుతో పాటు సోయాచిక్కుడు కూడా ఉంది. రాత్రి తగినంత పొడవు అయ్యాకే చాలా రకాలు పూతకు సిద్ధపడతాయి. వేడి ఆ సిద్ధపడటాన్ని త్వరపరుస్తుంది, చల్లటి రాత్రులు వెనక్కు నెడతాయి. కాబట్టి "పూతకు ఇన్ని డిగ్రీ-దినాలు" అనే అంకెను ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి గాని, ఒక విత్తు తేదీ నుంచి నెల తరువాతి విత్తుకు గాని మోసుకుపోకూడదు.

దీన్ని కళ్లారా చూడాలంటే, రాత్రంతా వీధి దీపం వెలుగు పడే చేనుగట్టు దగ్గరకు వెళ్లండి. దీపం కింద ఉన్న సాళ్లు, వాటికి కొంత దూరంలో చీకటిలో ఉన్న సాళ్లు ఒకే రోజు విత్తినవి, ఒకే వేడి పొందినవి. చేనంతా పండి ఆకు రాల్చిన నాడు కూడా దీపం కింద మొక్కలు పచ్చగా, పొడవుగా నిలబడి ఉంటాయి.

పగళ్లు కురచవుతున్న కాలంలో ఆలస్యంగా విత్తితే మొక్క తక్కువ కణుపులతోనే పూతకు వస్తుంది. ఆ కురచదనాన్ని ఎరువు సరిచేయలేదు. దానికి ప్రత్యామ్నాయాలు రెండు: సాళ్ల మధ్య దూరం తగ్గించి మొక్కల సంఖ్య పెంచడం, లేదా పగటి పొడవుకు తక్కువగా స్పందించే రకాన్ని ఎంచుకోవడం. ప్రధాన కాండంపై ఏ కణుపు వద్దనైనా ఒక పువ్వు విచ్చుకుంటే ఆ మొక్క ఆర్-1 దశలో ఉన్నట్టు (పూత నుంచి పక్వత వరకు దశలను ఆ పట్టికలో ఆర్-1 నుంచి ఆర్-8 వరకు అంకెలతో గుర్తిస్తారు). సగం మొక్కలకు అలా ఉంటే చేను ఆ దశకు చేరినట్టు రాసుకోండి.

8. అధిక వేడిని వేరే గడిలో రాయండి

30 దగ్గర హద్దు పెట్టడం వల్ల ఒక నష్టం ఉంది: 31 డిగ్రీల రోజు, 40 డిగ్రీల రోజు కూడికలో ఒకేలా కనిపిస్తాయి, మొక్కకు మాత్రం అవి ఒకటి కావు. గరిష్ఠం 35 దాటిన ప్రతి రోజునూ ఎర్ర సిరాతో పక్క గడిలో వేయండి. ఆ వేడికి పుప్పొడి మొలకెత్తే శక్తి తగ్గి, పూత, పిందె రాలుతాయి.

అలాగని రాలిన పువ్వులను చూసి కంగారు పడవలసిన పని లేదు. మంచి వాతావరణంలోనే సోయాచిక్కుడు పూతలో సగానికి పైగా రాలిపోతుంది. పూత కొన్ని వారాల పాటు సాగుతుంది కాబట్టి, తొలి పూత పోయినా తరువాతి పూత కొంత భర్తీ చేస్తుంది. గింజ కట్టడం మొదలైన తరువాత వచ్చే వేడికి అలాంటి వెసులుబాటు లేదు: గింజ నిండే కాలం కుదించుకుపోయి గింజ చిన్నదవుతుంది, నూనెలోని ఆమ్లాల పాళ్లు కూడా మారి ఓలియిక్ ఆమ్లం పెరిగి లినోలెనిక్ ఆమ్లం తగ్గుతుంది. నీరు పెట్టే వీలు పరిమితంగా ఉన్నవారు ఎర్ర గీతలు ఈ దశలో పడుతుంటే ఉన్న తడిని ఇక్కడే వాడుకోవాలి. విత్తనం కోసం పెంచే చేనైతే, కాయ పండే రోజుల్లోని వేడి, పొడి గాలి మొలక శాతాన్ని దెబ్బతీస్తాయని గుర్తుంచుకుని కోతను వాయిదా వేయకండి.

9. పక్వతను లెక్కించండి

పై నాలుగు కణుపుల్లో ఏదో ఒకదాని కాయలో గింజ 3 మిల్లీమీటర్ల పొడవు ఉంటే ఆర్-5 దశ. కాయను చీల్చి కొలబద్దతో చూడండి, పైనుంచి నొక్కి ఊహించకండి. ప్రధాన కాండంపై ఒక్క కాయ పండు రంగుకు తిరిగితే ఆర్-7. 95 శాతం కాయలు రంగు తిరిగితే ఆర్-8.

ఉదాహరణకు, మీ పాత పుస్తకంలో ఆర్-5 నుంచి ఆర్-7 వరకు 480 డిగ్రీ-దినాలు పట్టిందనుకోండి. ఈసారి ఇప్పటికి 300 కూడింది. మిగిలిన 180ని రోజుకు 12 చొప్పున భాగిస్తే 15 రోజులు. రాత్రులు చల్లబడి రోజుకు 9 మాత్రమే వస్తే 20 రోజులు. సంచి మీద రాసిన 100 రోజులు 112 కావడం వెనుక చాలాసార్లు ఉండేది ఈ ఐదు రోజుల లాంటి తేడాలే. గడ్డకట్టే చలి వచ్చే చోట్ల ఈ లెక్క విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆర్-7 దాటిన తరువాత చలి వచ్చినా దిగుబడికి పెద్దగా నష్టం ఉండదు. గింజ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు వస్తే నష్టమే. ఆర్-8 తరువాత గింజలో తేమ 15 శాతం కంటే తగ్గడానికి 5 నుంచి 10 పొడి రోజులు పడుతుంది. ఆ ఆరడం గాలిలోని తేమను బట్టి ఉంటుంది, దానికి డిగ్రీ-దినాలు కూడకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఫారెన్‌హీట్ అంకెలను మార్చడంలో జరిగేది అన్నిటికంటే పెద్దది. 130 ఫారెన్‌హీట్ డిగ్రీ-దినాలను సెల్సియస్‌లోకి మార్చాలంటే 5తో గుణించి 9తో భాగిస్తే చాలు, 72 వస్తుంది. ఉష్ణోగ్రతను మార్చినట్టు ముందు 32 తీసివేస్తే 54 వస్తుంది, అది తప్పు. ఆ 32 రోజువారీ తేడాలోనే ఎప్పుడో కొట్టుకుపోయింది.

నెల సగటుతో ఒకేసారి లెక్క వేయడం మరొకటి. నెల సగటు గరిష్ఠం 30కి లోపే ఉన్నా, అందులో పది రోజులు 36 ఉండి ఉండవచ్చు. అప్పుడు హద్దు పెట్టవలసిన రోజులకు హద్దు పడదు, మొత్తం పెరిగిపోతుంది. ఇక ఎండిపోతున్న చేనులో వేడి కూడుతోందని సంతోషపడటం కూడా పొరపాటే. ఈ కూడిక పదును ఉందనుకుని వేసే లెక్క.

ఫలితం సరిచూసుకోవడం

ప్రతి దశకూ ముందుగా పెన్సిల్‌తో అంచనా తేదీ రాసి, చేనులో చూసిన తేదీని దాని పక్కన సిరాతో రాయండి. మొలక రెండు రోజుల లోపు, కణుపులు ఒకటి అటూ ఇటూగా సరిపోతే థర్మామీటరు, లెక్క రెండూ బాగున్నట్టు. మొలక, కణుపులు సరిపోయి పూత ఒక్కటే వారం తప్పితే పరికరాన్ని తప్పుపట్టకండి, అది పగటి పొడవు పని. అన్నీ ఒకే వైపుకు, అంటే ఎప్పుడూ అంచనా కంటే ఆలస్యంగానే తప్పుతుంటే థర్మామీటరు ఎక్కువ చూపుతోంది. అప్పుడు నలగ్గొట్టిన మంచు ముక్కలు, నీరు కలిపిన గ్లాసులో దాని మొన ఉంచి కాసేపు ఆగండి, సున్నా చూపాలి. చూపితే పరికరం మంచిదే, తప్పు అది ఉన్న చోటుది, కాబట్టి పెట్టెను జరపండి. కొత్త ఏడాదికి కొత్త పేజీ తెరిచినప్పుడు రకం పేరుతో పాటు విత్తిన తేదీని కూడా పైన రాయండి, పూత అంకెను ఆ తేదీకి పది రోజులు అటూ ఇటూ విత్తిన చేలతో మాత్రమే పోల్చండి.